అమెరికా దేశమున వైద్యవ్యయ వివాదము

లోకమునందలి వస్తువులన్నింటి విషయమునను కొనువాడు బేరమాడును. వైద్యము విషయమున మాత్రము ఆడజాలడు. బియ్యము ప్రియమైనచో జొన్నలతో గడపవచ్చును. బట్ట ప్రియమైనచో పాతబట్టనే మరి నాలుగు నెలలు కట్టుకొనవచ్చును. బిడ్డ ఒడలెరుగని జ్వరముతో పడియున్నప్పుడు తలిదండ్రులు వెల యెంత యని యడుగరు. అడిగినను, చెప్పిన వెల నచ్చక మరియొక వైద్యశాలను వెదకికొను వ్యవధి యుండదు. ఏ మందు వాడవలెనో, ఏ పరీక్ష చేయింపవలెనో, ఎన్ని దినములు మంచముపై నుండవలెనో నిర్ణయించువాడు రోగి కాడు, వైద్యుడు. కొనదగినదానిని అమ్మువాడే నిర్ణయించు వ్యాపారము వేరొకటి సులభముగా కానరాదు.

కావున వైద్యవ్యయమును అదుపులో నుంచుట ప్రభుత్వధర్మమా కాదా యను ప్రశ్న అనేక దేశములలో పుట్టినది. బ్రిటను 1948లో వైద్యశాలలను ప్రభుత్వము క్రిందికి దెచ్చి యొక విధముగా సమాధానము చెప్పుకొనెను. అమెరికా సంయుక్తరాష్ట్రములు అట్లు చేయలేదు. అచ్చట వైద్యము ధర్మసంస్థల చేతను, వ్యాపారుల చేతను, స్వతంత్రులైన వైద్యుల చేతను నడచుచు వచ్చెను. వ్యయము మితిమీరినప్పుడెల్ల ప్రభుత్వము దానికి కళ్లెము వేయజూచెను. వేయజూచినప్పుడెల్ల శాసనసభలో ఘోరమైన వాదము చెలరేగెను. ఆ వాదముల చరిత్ర నుండి యొక సత్యము తేటపడుచున్నది. రోగి పెట్టు ప్రతి డాలరు వ్యయమును ఎవరికో యొకరికి ఆదాయము. వ్యయము తగ్గవలెనని కోరనివారు లేరు. తన యాదాయము తగ్గవలెనని కోరువారును లేరు. ఈ చిన్న లెక్కను మరచినవారు ఎంత మంచి శాసనమును ప్రతిపాదించినను ఓడిపోయిరి.

వ్యయ మెంత పెరిగినదో ముందుగా చూతము. 1960లో ఆ దేశపు మొత్తము ఉత్పత్తిలో నూటికి 5 వంతులు వైద్యమునకు పోయెడిది. 1980 నాటికది సుమారు 9 వంతు లయ్యెను. 2023లో 17.6 వంతులకు చేరినది. అనగా ఆ జాతి సంపాదించు ప్రతి ఆరు డాలర్లలో ఒకటి వైద్యమునకే పోవుచున్నదన్నమాట. ఇందులో కొంత సద్వ్యయమే. కొత్త మందులు వచ్చినవి, కొత్త శస్త్రచికిత్సలు వచ్చినవి, ప్రజలు వెనుకటికంటె ఎక్కువకాలము జీవించుచున్నారు. కాని తక్కిన సంపన్నదేశములు ఇంతకంటె మిక్కిలి తక్కువ వ్యయముతో ఇంతకంటె దీర్ఘాయువును సాధించినవి. అట్లయినచో ఆ మిగులు ధన మెక్కడికి పోవుచున్నది? ఈ ప్రశ్నయే వివాదమునకు మూలము.

మొదట వివాదము వ్యయమును గూర్చి కాక బీమాను గూర్చి పుట్టెను. 1945 నవంబరు 19వ తేదీన అధ్యక్షుడు హారీ ట్రూమన్ కాంగ్రెసునకు ఒక సందేశము పంపి, దేశమునందలి జనులందరికిని వైద్యబీమా యుండవలెనని కోరెను. అమెరికను మెడికల్ అసోసియేషను అను వైద్యసంఘము దీనిని తీవ్రముగా ప్రతిఘటించెను. 1948 ఎన్నికలలో ట్రూమన్ గెలిచినపిమ్మట ఆ సంఘము తన సభ్యులనుండి తలకు 25 డాలర్ల చొప్పున చందా విధించి, వృత్తిరీత్యా ప్రచారము చేయు ఒక సంస్థను కుదుర్చుకొని, 1949వ సంవత్సరములోనే సుమారు 15 లక్షల డాలర్లు వెచ్చించెను. ప్రభుత్వము వైద్యమునకు ధనమిచ్చినచో రోగికిని వైద్యునికిని నడుమ ప్రభుత్వోద్యోగి వచ్చి కూర్చుండునని ఆ ప్రచార సారాంశము. రష్యా భయము ప్రబలియున్న ఆ దినములలో ఆ మాట జనుల మనస్సులలో నాటుకొనెను. ట్రూమన్ ప్రతిపాదన శాసనము కాలేదు.

అది పోయినచోట వేరొకటి పెరిగెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ప్రభుత్వము జీతములను పెంచరాదని కట్టడి చేయగా, కర్మాగారముల యజమానులు జీతమునకు బదులు వైద్యబీమా నిచ్చి పనివారిని ఆకర్షింపసాగిరి. 1954 నాటి పన్నుల శాసనము, యజమాని చెల్లించు బీమా సొమ్ముపై ఉద్యోగికి ఆదాయపు పన్ను లేదని స్పష్టపరచెను. దీని ఫలితము మంచిదే; కోట్లకొలది కుటుంబములకు ఆపద్బంధువు దొరకెను. కాని దానితో ఒక చిత్రమైన సంగతి జరిగెను. వెల చెల్లించువాడు కనబడకుండ పోయెను. రోగి తాను చెల్లించుట లేదనుకొనును, వైద్యుడు రోగి చెల్లించుట లేదనుకొనును, బీమాసంస్థ వచ్చే సంవత్సరము చందా పెంచి రాబట్టుకొనును, యజమాని దానిని జీతములో తగ్గించుకొనును. అందరును చెల్లించుచుండిరి, చెల్లించుచున్నట్లు ఎవరికిని తోచలేదు.

1965 జూలై 30వ తేదీన అధ్యక్షుడు లిండన్ జాన్సన్, వృద్ధుడైన ట్రూమన్ నివసించు ఇండిపెండెన్సు పట్టణమునకు స్వయముగా పోయి, ఆయన సమక్షమున మెడికేరు శాసనముపై సంతకము చేసెను. 65 ఏండ్లు దాటినవారికి ప్రభుత్వమే వైద్యశాల ఖర్చు భరించుట దీని యుద్దేశము. ఇరువదియేండ్ల పోరాటము ఫలించినదని దాని పక్షమువారు సంతోషించిరి. అయితే వైద్యులను, వైద్యశాలలను ఒప్పించుటకై ప్రభుత్వము ఒక పెద్ద మూల్యము చెల్లించెను. వైద్యవృత్తిని గాని, వైద్యుల ప్రతిఫలమును గాని ప్రభుత్వోద్యోగులు అదుపుచేయరాదని శాసనము మొదటనే వ్రాసిరి. వైద్యశాలకు ఎంత ఖర్చయినదో అంతయు, దానిపై నూటికి రెండువంతులు అదనముగను, ఇచ్చుటకు అంగీకరించిరి.

ఇందలి దోషము మన యింటి లెక్కలతో పోల్చిన సులభముగా బోధపడును. ఇల్లు కట్టువానితో, నీకెంత ఖర్చయిన నంత యిచ్చి, దానిపై నూటికి రెండు చేర్చి యిచ్చెదనని యజమాని ఒడంబడిక చేసికొనెననుకొందము. ఆ యిల్లు ఎన్ని అంతస్తులకు పెరుగునో చెప్పనక్కరలేదు. పొదుపు చేసినవానికి తక్కువయు దుబారా చేసినవానికి ఎక్కువయు ముట్టు ఏర్పాటది. కొత్త భవనములు, కొత్త యంత్రములు, నిండని పడకలు వీధివీధికి వెలసినవి. వృద్ధులకు గొప్ప మేలు జరిగినమాట నిజము. దక్షిణరాష్ట్రముల వైద్యశాలలలో తెల్లవారిని నల్లవారిని వేరుచేయు దురాచారము మెడికేరు ధనముపై ఆశచేత పెక్కుచోట్ల తొలగినమాటయు నిజము. కాని వ్యయము నాటినుండి వేగముగా పరుగెత్తసాగెను.

మొదటి కళ్లెము వేసినవాడు స్వేచ్ఛావాణిజ్యపక్షమువాడైన రిచర్డు నిక్సను. 1971 ఆగస్టు 15వ తేదీన దేశమునందలి సకల వస్తువుల ధరలను, జీతములను అతడు తాత్కాలికముగా నిలిపివేసెను. 1973లో తక్కిన సరకులలో చాలవాటికి కట్టడి సడలించినను వైద్యమునకు సడలింపలేదు. ఆ కాలమున వైద్యశాలల ధరలు కొంత నెమ్మదించెను. 1974 ఏప్రిలు 30వ తేదీన శాసనము గడువు తీరగానే, కట్టు తెగిన చెరువువలె అవి మరల పొంగిపొరలెను. కట్టడి చేసిన వ్యయము తగ్గునని దీనివలన కొందరు గ్రహించిరి. కట్టడి తీయగానే అంతయు తిరిగి వసూలగునని మరికొందరు గ్రహించిరి. రెండును సత్యములే.

అసలు యుద్ధము జిమ్మీ కార్టరు కాలమున జరిగెను. ఆ నాటికి వైద్యశాలల ఖర్చు ఏటేట నూటికి సుమారు 15 వంతుల చొప్పున పెరుగుచుండెను. అందరికిని బీమా యిచ్చెదనని కార్టరు ఎన్నికలలో వాగ్దానము చేసియుండెను. కాని వ్యయము అదుపులోనికి రానిదే అందరికిని బీమా యిచ్చుట చిల్లుకుండలో నీరు పోయుటయే యగునని ఆయన ప్రభుత్వము తలచెను. 1977 ఏప్రిలు 25వ తేదీన ఆయన కాంగ్రెసుకు పంపిన ప్రతిపాదనలో రెండు ముఖ్యాంశము లుండెను. ఏ వైద్యశాలయు తన రాబడిని ఏటికి నూటికి సుమారు 9 వంతులకు మించి పెంచుకొనరాదనునది మొదటిది. దేశమంతటను కొత్త భవనములకు, యంత్రములకు ఏటికి 250 కోట్ల డాలర్లకు మించి వెచ్చింపరాదనునది రెండవది. ప్రభుత్వము చెల్లించు రోగుల విషయమున మాత్రమే కాక రోగులందరి విషయమునను ఇది వర్తించును. ఆరోగ్యశాఖ కార్యదర్శి జోసెఫు కలిఫానో దీనిని గట్టిగా సమర్థించెను.

వైద్యశాలల పక్షమువారి వాదమును చులకనగా త్రోసిపుచ్చరాదు. మేము బొగ్గునకు, నూనెకు, ఆహారమునకు, దాదుల జీతములకు అందరివలెనే హెచ్చువెల చెల్లించుచున్నాము. దేశమంతట ధరలు పెరుగుచుండగా మా యొక్కరికే సంకెల వేయుట న్యాయమా యని వారడిగిరి. అంతకంటె బలమైన వాదము మరియొకటి గలదు. నూటికి తొమ్మిది యను కొలత అందరికిని సమానముగా కనబడును గాని సమానము కాదు. నూరు డాలర్లతో పొదుపుగా పని జరుపుకొన్న వైద్యశాలకు 109 దొరకును. అదే పనికి రెండువందలు దుబారా చేసిన వైద్యశాలకు 218 దొరకును. అనగా వెనుకటి పాపమునకు ముందుకాలమున బహుమాన మిచ్చినట్లగును. ప్రభుత్వపక్షమువారు దీనికి సంతృప్తికరమైన సమాధానము చెప్పలేకపోయిరి. దాదులు మొదలగు పనివారి జీతముల పెంపును లెక్కనుండి మినహాయించుటకు వీలు కల్పించి కార్మికసంఘముల మద్దతు సంపాదించిరి. కాని మినహాయింపు లెక్కువైనకొలది కళ్లెము సడలుననుట స్పష్టమే.

వాదబలముకంటె స్థానబలము గొప్పది. కాంగ్రెసు సభ్యుడు ప్రతివాడును ఏదో యొక నియోజకవర్గమునకు ప్రతినిధి. ప్రతి నియోజకవర్గమునను వైద్యశాలలు గలవు. అవి అనేక పట్టణములలో పెద్దసంఖ్యలో జనులకు జీవనాధారము. వాటి ధర్మకర్తలు ఆ యూరి వర్తకులు, న్యాయవాదులు, మతాచార్యులు. ఎన్నికలలో సహాయము చేయువారును వారే. ఇంత మంది గౌరవనీయులు వచ్చి, మా ఊరి వైద్యశాల మూతపడునని చెప్పగా సభ్యుడు చలింపక యుండగలడా? ఇటుప్రక్క మేలు పొందువా రెవరు? బీమాచందాలో ఏటికి కొన్ని డాలర్లు మిగులబోవు కోట్లమంది. వారిలో ఒక్కడైనను వాషింగ్టనునకు రైలెక్కడు. తనకు మేలు జరుగుచున్నదని కూడ ఎరుగడు. నష్టపోవువారు కొలదిమంది, ఒక్కచోట నున్నవారు, మేలుకొన్నవారు. లాభపడువారు అనేకులు, చెదరియున్నవారు, నిద్రించుచున్నవారు. ఇట్టి పోరాటమున గెలుపెవరిదో ముందే యూహింపవచ్చును.

ప్రతిపాదన నాలుగు ఉపసంఘముల యెదుటికి పోయి, ఒక్కొక్కచోట ఒక్కొక్క రూపము దాల్చెను. 1977 చివర వైద్యసంఘమును, వైద్యశాలల సంఘములును కలిసి, శాసనము వలదు, మేమే స్వచ్ఛందముగా వ్యయవృద్ధిని ఏటికి నూటికి రెండు వంతుల చొప్పున తగ్గించుకొందుమని వ్రతము పట్టిరి. కట్టడి వచ్చునేమో యను భయ మున్నంతకాలము ఆ వ్రతము కొంత సాగెను. 1978 జూలైలో ప్రతినిధిసభ వాణిజ్య ఉపసంఘమున 22 ఓట్లకు 21 ఓట్లు రాగా, ఒక్క ఓటు తేడాతో నిర్బంధనియమములు తొలగి స్వచ్ఛందవ్రతమే మిగిలెను. ఆ యక్టోబరులో సెనేటు 64 ఓట్లకు 22 ఓట్లతో మెత్తని రూప మొకదానిని ఆమోదించినను, ప్రతినిధిసభ దానిని చేపట్టక ముందే కాలము ముగిసెను. కార్టరు 1979 మార్చిలో ప్రతిపాదనను మరల పంపెను. ఈ మారు, స్వచ్ఛందవ్రతము విఫలమైనచో మాత్రమే కట్టడి అమలగునని మెత్తపరచిరి. అయినను 1979 నవంబరు 15వ తేదీన ప్రతినిధిసభ 234 ఓట్లకు 166 ఓట్లతో దాని సారము తీసివేసి, విషయమును పరిశీలించుట కొక సంఘమును నియమించు సవరణను ఆమోదించెను. ఆ సవరణ తెచ్చినవాడు కార్టరు పక్షమునకే చెందిన రిచర్డు గెపార్టు. కర్ర క్రింద పెట్టినవెంటనే వ్రతమును సడలెను. తరువాతి రెండేండ్లలో వైద్యశాలల ఖర్చు మరల వేగముగా పెరిగెను.

ఇక కళ్లెము వేయువాడు రాడని వైద్యశాలలవారు నిశ్చింతగా నుండగా, అది ఎవరును ఊహింపని చేతిలో ప్రత్యక్షమయ్యెను. రొనాల్డు రీగను 1961లో, ఇంకను నటుడుగా నున్న కాలమున, వృద్ధుల వైద్యమునకు ప్రభుత్వము పూనుకొనుట స్వాతంత్ర్యమునకు ముప్పని చెప్పుచు, వైద్యసంఘము పక్షమున గ్రామఫోను రికార్డు ఇచ్చినవాడు. అట్టి రీగనే అధ్యక్షుడై 1983 ఏప్రిలు 20వ తేదీన సంతకము చేసిన శాసనము వలన, వైద్యశాలకు ఏ రోగమునకు ఎంత ఈయవలెనో ప్రభుత్వమే ముందుగా నిర్ణయించుట ఆరంభమయ్యెను.

ఈ యుపాయము యేల్ విశ్వవిద్యాలయమున రాబర్టు ఫెట్టరు, జాన్ థాంప్సను అను విద్వాంసుల పరిశోధనలో పుట్టినది. వారు రోగులను రోగమునుబట్టియు చికిత్సనుబట్టియు కొన్ని వందల తరగతులుగా విభజించిరి. న్యూజర్సీ రాష్ట్రము దీనిని 1980 నుండి అనుసరించి చూచెను. మెడికేరు దీనిని గ్రహించి 467 తరగతులకు వెలలు కట్టెను. తుంటి యెముక విరిగినవానికి ఇంత, గుండెపోటు వచ్చినవానికి ఇంత యని ముందే నిర్ణయమగును. అంతకంటె తక్కువలో నయము చేసిన వైద్యశాలకు మిగులు దక్కును. ఎక్కువైనచో నష్టము దానిదే. ఖర్చయినంత ఇచ్చెదనను పాత ఒడంబడిక దీనితో తలక్రిందయ్యెను.

ఆశ్చర్యమేమనగా, కార్టరు రెండున్నరయేండ్లు పోరాడి సాధింపలేనిది, ఇప్పుడు కొన్ని నెలలలో పెద్ద సందడి లేకయే జరిగిపోయెను. కారణములు మూడు కనబడుచున్నవి. మొదటిది: వృద్ధుల పింఛను నిధి దివాలా తీయనున్నదను భయముతో దానిని కాపాడు శాసనము త్వరగా సాగుచుండగా, వైద్యశాలల వెలల సంగతి దానిలో నొక భాగముగా చేర్చబడెను, పింఛనును కాదని ఓటు వేయు సాహసము కొలదిమందికే యుండెను. రెండవది: 1982 నాటి శాసన మొకటి వైద్యశాలలపై అంతకంటె కఠినమైన పరిమితులను విధించియుండెను, దానిని తప్పించుకొనుటకు వారు కొత్త పద్ధతియే మేలనుకొనిరి. పొదుపు చేసినవానికి మిగులు దక్కుననుటయు వారికి నచ్చినది. మూడవది ముఖ్యమైనది: ప్రభుత్వము ఇచ్చట ఇతరుల వెలలను శాసించు రాజుగా రాలేదు; తాను కొను వస్తువునకు తాను వెల చెప్పు కొనుగోలుదారుగా వచ్చెను. స్వేచ్ఛావాణిజ్యమును పూజించువారు కూడ ఆ హక్కును కాదనలేకపోయిరి.

దీని ఫలములు మిశ్రములు. వైద్యశాలలో రోగులుండు దినములు త్వరితముగా తగ్గెను. మెడికేరు వైద్యశాల వ్యయపు పరుగు మందగించెను. కాని కోలుకొనకమునుపే ముసలివారిని ఇంటికి పంపుచున్నారను ఆక్రోశము బయలుదేరెను. పండితులు వేలకొలది రోగుల చరిత్రలను పరిశీలించి 1990లో ప్రకటించినదేమనగా, మరణములు పెరుగలేదు గాని, నిలుకడలేని స్థితిలో ఇల్లు చేరినవారి సంఖ్య పెరిగినది. అంతేకాక, ప్రభుత్వమువద్ద తగ్గినదానిని వైద్యశాలలు బీమాసంస్థలనుండి రాబట్టజూచినవి. పడకలలో తగ్గిన పని బయటి చికిత్సలలో పెరిగినది. గాలి నింపిన తిత్తిని ఒకచోట నొక్కిన మరియొకచోట ఉబ్బునుగదా!

ఆ తిత్తిని అన్నివైపులను ఒక్కమారు పట్టుకొన్న రాష్ట్రము ఒక్కటి గలదు. అది మేరీలాండు. ఆ రాష్ట్రము 1971లో ఒక సంఘమును స్థాపించి, వైద్యశాలల వెలలను నిర్ణయించు అధికార మిచ్చెను. బీమాసంస్థ యైనను, చేతిసొమ్ము చెల్లించువాడైనను, 1977 నుండి మెడికేరు సైతము, ఒక వైద్యశాలలో ఒక పనికి ఒకే పద్ధతిపై నిర్ణయమైన వెల చెల్లింపవలెను. ఇందు గమనింపదగిన విశేషము, వైద్యశాలల సంఘమే దీనిని కోరుట. చెల్లింపలేని బీదలకు చికిత్స చేసి నష్టపోవుచున్న వైద్యశాలలు కొన్ని అచ్చట నుండెను. ఆ బీదల ఖర్చును అందరి వెలలలోను పంచి చేర్చుటకు ఈ పద్ధతి వీలు కల్పించెను. అనగా కళ్లెముతోపాటు దాణాయు పెట్టిరి. 1976లో ఆ రాష్ట్రమున ఒక రోగిని చేర్చుకొన్నందుకగు ఖర్చు దేశపు సగటుకంటె నూటికి 26 వంతు లెక్కువ. 2007 నాటికది సగటుకంటె రెండు వంతులు తక్కువ యయ్యెను. 2014 నుండి ప్రతి వైద్యశాలకును సంవత్సరమునకు మొత్తము రాబడి ఇంతయని ముందే నిర్ణయించు ఏర్పాటును అచ్చట ప్రారంభించిరి.

తక్కిన చరిత్రను క్లుప్తముగా చెప్పవచ్చును. 1993 సెప్టెంబరు 22వ తేదీన అధ్యక్షుడు క్లింటను ప్రకటించిన పథకమున బీమాచందాల పెరుగుదలకు పరిమితి యొకటి యుండెను. భోజనపుబల్లయొద్ద కూర్చున్న భార్యాభర్తలు ఆ పథకమును జూచి కలవరపడునట్లు బీమాసంస్థల సంఘము టెలివిజనులో ప్రకటనలు వేయించెను. 1994 సెప్టెంబరు నాటికి పథకము గతించెను. వైద్యుల ఫీజులు దేశసంపదకంటె వేగముగా పెరుగరాదని 1997లో శాసనము చేసిరి; అది కోత విధింపవలసినప్పుడెల్ల కాంగ్రెసే దానిని వాయిదా వేయుచు, 2003 మొదలు 17 మారులు అతుకులు వేసి, 2015లో దానిని రద్దుచేసెను. 2010లో ఒబామా కాలపు శాసనము, వ్యయము మితిమీరినచో తగ్గింపు మార్గములను సూచించుటకు 15 మంది సభ్యులుగల మండలిని ఏర్పరచెను. చికిత్సను కోయరాదని శాసనమున స్పష్టముగా వ్రాసియున్నను, ముసలివారి చావుబ్రతుకులను నిర్ణయించు మండలి యని దానిపై అపవాదు పుట్టెను. ఒక్క సభ్యుడైనను నియమింపబడకయే 2018లో ఆ మండలి రద్దయ్యెను. తాను చేసిన కట్టడిని తానే విప్పుకొనుట కంటె శాసనసభకు సులభమైనది లేదని వీనివలన తెలియుచున్నది.

మందుల విషయమున మాత్రము కథ వేరొక మలుపు తిరిగెను. 2003లో మెడికేరు వృద్ధులకు మందులు కూడ ఇచ్చుటకు పూనుకొన్నప్పుడు, వెలలను గూర్చి ప్రభుత్వము బేరమాడరాదని శాసనమునందే నిషేధించిరి. కోట్లకొలది రోగుల తరఫున కొనువాడు బేరమాడరాదనుట ఎంత వింతయో చదువరులే ఆలోచింపవలెను. ఈ నిషేధమును కొంతవరకు తొలగించుటకు 19 ఏండ్లు పట్టెను. 2022 ఆగస్టులో సెనేటు చెరిసగముగా చీలి 50 ఓట్లకు 50 ఓట్లు రాగా, ఉపాధ్యక్షురాలు కమలా హారిసు వేసిన ఓటుతో శాసనము గట్టెక్కెను. 16వ తేదీన అధ్యక్షుడు బైడెను సంతకము చేసెను. మెడికేరులోని వృద్ధులు ఇన్సులినునకు నెలకు 35 డాలర్లకు మించి చెల్లింపనక్కరలేకపోయినది. మొదట ఎన్నుకొన్న పది మందులకు బేరమాడి నిర్ణయించిన వెలలు 2026 జనవరి 1వ తేదీనుండి అమలునకు వచ్చినవి. ఇచ్చట గూడ ప్రభుత్వము గెలిచినది కొనుగోలుదారు వేషముననే.

ఈ చరిత్రయంతయు జూచినపిమ్మట, వైద్యశాలలవారు దుర్మార్గులనియు ప్రభుత్వము పుణ్యపురుషుడనియు తలచుట పొరపాటు. వెలను మరీ తగ్గించినచో వైద్యశాల రోగిని త్వరగా పంపివేయును, లేదా చేర్చుకొననే చేర్చుకొనదు. ఆ బాధ పడువాడు బీదవాడే. వెలకు అడ్డులేనిచో బీమాచందా పెరిగి జీతమును మ్రింగును. ఆ బాధ పడువాడును బీదవాడే. కావున కట్టడి వలెనా వలదా యనుటకంటె, ఆ కట్టడి న్యాయమైన వెలపై నిలిచియున్నదా, అందరు కొనుగోలుదారులకును వర్తించునా, దాని ఫలితమును ఎవరైనను పరిశీలించుచున్నారా యనుట ముఖ్యము. మేరీలాండు నిలిచినది ఈ మూడింటి వలననే. నూటికి తొమ్మిదియను ఒక్క కొలకఱ్ఱతో అందరిని కొలువబూనిన కార్టరు ప్రతిపాదన పడిపోయినది, స్వార్థపరుల బలము వలన మాత్రమే కాదు, అందలి లోపము వలన గూడ.

మనకీ గొడవ యెందుకని కొందరనవచ్చును. మెడికేరు పుట్టిన 1965లోనే, అక్టోబరు 3వ తేదీన, ఆ దేశపు వలసల శాసనము మారి మనవారికి ద్వారము తెరచుకొనెను. నాటినుండి మన తెలుగు వైద్యులనేకులు ఆ దేశపు వైద్యశాలలలో స్థిరపడి, ఈ వెలల పద్ధతులక్రిందనే జీవించుచున్నారు. అంతకంటె దగ్గరి సంబంధము మన యింటనే కలదు. 2007 ఏప్రిలు 1వ తేదీన అనంతపురము, మహబూబునగరము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ పథకమున, ఒక్కొక్క చికిత్సకును ఇంతయని ముందే వెల నిర్ణయించు ప్యాకేజీ పద్ధతి గలదు. 467 తరగతుల తత్త్వమే ఇదియు. వెల చాలదని వైద్యశాలలు మొరపెట్టుటయు, బకాయిలు రాలేదని సేవలు నిలిపివేయుటయు, రోగి గుమ్మమున నిలిచిపోవుటయు మనము పలుమారులు చూచినదే. 2017 ఫిబ్రవరిలో భారతప్రభుత్వము గుండె రక్తనాళములలో అమర్చు స్టెంటులకు, మందు పూయనివానికి 7,260 రూపాయలనియు, పూసినవానికి 29,600 రూపాయలనియు గరిష్ఠధర నిర్ణయించెను. తిత్తి ఒకచోట నొక్కబడినది. మరియెచ్చట ఉబ్బుచున్నదో బిల్లులోని తక్కిన పంక్తులను చదువువారే కనిపెట్టవలెను.

ఆ చదువువారు మనమే కావలెను. అమెరికాలో చెల్లించువాడు నిద్రించినందున పుచ్చుకొనువాని మాటయే నలుబదియేండ్లు చెల్లెను. మన గృహిణులు కూరగాయల లెక్క నణాపైసలతో వ్రాసికొందురు. వైద్యశాల యిచ్చిన కాగితమును మాత్రము దేవుని ప్రసాదమువలె కన్నుల కద్దుకొని పెట్టెలో దాచుదురు. ఆపత్సమయమున బేరమాడజాలమనుట నిజము. కాని ఆపద తీరినపిమ్మట ఆ కాగితమును విప్పి చదువవచ్చును. ఏది దేనికి పుచ్చుకొనిరో యడుగవచ్చును. ఇరుగుపొరుగులు ఒకరి లెక్క నొకరు పోల్చుకొనవచ్చును. ఓటడుగవచ్చిన ప్రతినిధిని, ప్యాకేజీ వెలను ఎవరు ఏ లెక్కపై కట్టిరి, వైద్యశాలలకు బాకీ యెంత యని నిలదీయవచ్చును. వేయిమంది ఒక్కొక్కరుగా అడిగిన ప్రశ్నకు బలము లేదు; వేయిమంది కలిసి యడిగినదానికి శాసనసభలు సైతము ఉత్తరము చెప్పితీరవలెను.